బెరడులో తీపి

నావైలేవు ఊళ్ళో మనిషిని చంపాలంటే కత్తి అక్కర్లేదు. యంగోనా వేరు నీళ్ళ చిప్పని అతన్ని దాటించి పక్కవాడికిస్తే చాలు.

ఎమోసిని అట్లాగే చంపారు. ఊరి సభాశాలలో మగవాళ్ళంతా చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. నడుమ చెక్కగిన్నెలో వేరు పిసికిన నీళ్ళు మట్టిరంగులో నిండుగా ఉన్నాయి. చిప్ప అందించే మనిషి వంగి నడుస్తూ ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుంటున్నాడు. ఎమోసికి ఎడమపక్క ఉన్నతను తాగాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇక తన వంతని ఎమోసి ఒకసారి చప్పట్లు తట్టి చేతులు చాచాడు. చిప్ప ఆ చేతుల ముందునుంచే కుడిపక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. చాచిన చేతులు కాసేపు అట్లాగే ఉండిపోయాయి. ఎవరైనా నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. వానల గురించీ, చేమదుంపల గురించీ మాట్లాడుకున్నారు.

అతను చేసిన నేరమల్లా మరొకరి మాటని తన నోటితో పలకడం. సూవా పట్నంలో కొండమీద మొక్కల మందుల ప్రయోగశాల ఒకటుంది. ఎమోసి అందులో గాజు సీసాలు కడిగే పనిలో చేరి, మిషను నడిపే పనికి ఎదిగాడు. అప్పట్లో అక్కడ పైఅధికారిగా ఉన్న దొర, మీ కొండల్లో షుగరు జబ్బుకి వాడే చేదు తీగ ఉందట కదా అని అడిగాడు. ఎమోసి ఆయన్ని ఊరికి తీసుకొచ్చాడు. యంగోనా వేర్ల కట్ట పెద్దల ముందు పెట్టి, ఆయన తరఫున అడిగాడు. దొర మఠం వేసుక్కూర్చుని బుద్ధిగా చిప్ప తాగి, తీగ మీది, దాని పేరు ఎక్కడ చెప్పినా మీ ఊరి పేరు చెబుతాను, మీరు సరేననకుండా దాని జాడ ఎవరికీ ఇవ్వను అన్నాడు. ఆ మాటల్ని ఊరి భాషలోకి తిప్పింది ఎమోసి. ఊరి చెవిన పడ్డది ఎమోసి గొంతు.

తర్వాత దొర ఏరు దాటి తెప్ప తగలేశాడు. తీగలో ఏ పదార్థం ఉందో, దానికి ఏ ఏ చక్కెరలు అంటుకుని ఉన్నాయో, తీగ ఏ కొండవాలులో దొరుకుతుందో లోకమంతటికీ తెలిసింది. ఊరి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరెవరో లారీల్లో వచ్చి, తాతల నాటి తీగల్ని మొదలంటా నరికి పట్టుకుపోయారు. దొర అప్పటికే తన దేశంలో ఉన్నాడు. పెద్దవాళ్ళ తప్పుకి చిన్నవాడి చేతులు ఖాళీగా చాచి ఉండటం లోకంలో కొత్తేమీ కాదు. చిప్ప తప్పిన మర్నాడే ఎమోసి సూవా వెళ్ళిపోయాడు. చాలాకాలం ఊరి మట్టి తొక్కలేదు.

ఊరితో అతనికి మిగిలిన దారి ఒక్కటే, అక్క మొగుడు వైసాకే. నౌసోరి సంతకి కర్రపెండలం అమ్మటానికి వచ్చినప్పుడల్లా వైసాకే సూవాదాకా వచ్చి బావమరిదిని చూసి పోయేవాడు. అక్క సెరేయాన చెప్పమన్నవి చెప్పేవాడు, తమ్ముడు చెప్పినవి మోసుకుపోయేవాడు. ఊళ్ళో ఉన్నప్పుడూ ఇదే దారి. తల్లి పోయాక ఎమోసిని చంకనేసుకుని పెంచింది సెరేయానే, అయినా తోబుట్టువులు ఎదిగాక ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడుకోకూడదు. అక్క ముందు గుమ్మంలోంచి వస్తే తమ్ముడు పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోవాలి. అది కోపం కాదు, గౌరవం. ఆ ఇద్దరి ప్రేమంతా ఒక వేళాకోళపు మనిషి నోటిగుండానే నడిచింది.

"మీ అక్కాతమ్ముళ్ళకి నేను పోస్టాఫీసుని. స్టాంపు మాత్రం ఎవరూ అంటించరు" అనేవాడు వైసాకే.

ఒకసారి ఆ పోస్టాఫీసు మిషను గదిలోకే వచ్చి కూర్చుని, ఇదేం చేస్తుంది బావా అని అడిగింది. పిండిన మొక్క రసంలో ఏ ఏ చక్కెరలున్నాయో, ఏది ఎంతుందో చెబుతుందని ఎమోసి చెప్పాడు. నీళ్ళతో పాటు రసాన్ని ఒక ఉక్కు గొట్టంలోకి తోస్తారు. గొట్టం నిండా సన్నని పూసలు. ఒక్కో చక్కెర ఆ పూసల్ని ఒక్కోలా పట్టుకుని వేలాడి, ఒక్కో సమయానికి బయటపడుతుంది. పడ్డప్పుడు తెరమీద గీత కొండలా లేస్తుంది. కొండ ఎప్పుడు లేచిందన్నది చక్కెర పేరు చెబుతుంది, ఎంత లేచిందన్నది దాని కొలత చెబుతుంది.

వైసాకే బుర్ర గోక్కున్నాడు.

"సరే, చర్చి వదిలాక మన ఊళ్ళో అందరికన్నా ముందు బయటపడేది ఎవరు?" అని అడిగాడు ఎమోసి.

"ఇంకెవరు, నేనే. పాస్టరు ఆమెన్ అనేలోపే."

"ఆఖరికి వచ్చేది?"

"మీ అక్క. తలుపు దగ్గర, మెట్ల దగ్గర, బావి దగ్గర, కనబడ్డ ప్రతి ఆడదాన్నీ పలకరించి గానీ రాదు. నేను ఆకలికి చస్తుంటాను."

"అంతే. ఇది కూడా అంతే. ఆఖరిది వచ్చేదాకా లేవకూడదు. మా పనిలో మొదట నేర్పేది అదే."

వైసాకే పడీ పడీ నవ్వాడు. మీ అక్కని ఆ గొట్టంలో వేస్తే మిషను ముసలిదైపోతుంది అన్నాడు.

సెరేయాన కాలి సంగతి తెలిసిన రోజున కూడా వైసాకే వేళాకోళంతోనే వచ్చాడు. బురద కాళ్ళతో ప్రయోగశాల గుమ్మంలో నిలబడి, "ఏం బావా, ఇంకా ఆ పెట్టెకి చక్కెర నీళ్ళు తాగిస్తూనే ఉన్నావా? దానికింకా షుగరు జబ్బు రాలేదా?" అన్నాడు.

"వచ్చినా దానికేం బావా, పుళ్ళు పడటానికి కాళ్ళుంటేగా."

వైసాకే నవ్వలేదు. "మీ అక్కకున్నాయి" అన్నాడు.

ఏటిదగ్గర వెదురు పుల్ల గుచ్చుకుందట. కాలికి స్పర్శ పోయి చాలా కాలమైంది కనక ఆమెకు తెలియనే లేదు. ముందు బొటనవేలు నల్లబడింది, తర్వాత పక్కది. ఊరి ఆసుపత్రి నర్సు చూసి, సూవా తీసుకుపోయి వేళ్ళు తీయించండి, ఆలస్యం చేస్తే పాదం పోతుంది, ఇంకా ఆలస్యం చేస్తే మనిషే పోతుంది అని కచ్చితంగా చెప్పింది. సెరేయాన వినలేదు. ఊళ్ళో ఆకుమందుల తైమా అవ్వ ఇచ్చే చేదు తీగ బెరడు కషాయం తాగుతూ కూర్చుంది. లారీలవాళ్ళు నరికిపోగా మిగిలిన తీగలు ఎక్కడున్నాయో ఆ ముసలమ్మ ఒక్కదానికే తెలుసు. చేదు లోపలికి పోతే ఒంట్లో తీపిని తినేస్తుందని సెరేయాన నమ్మకం.

"నువ్వు గట్టిగా చెప్పలేదా?" అన్నాడు ఎమోసి.

"నేను ఏం చెప్పినా మీ అక్క నవ్వుతుంది బావా. కాపురానికి వచ్చిన్నాటి నుంచీ నవ్విస్తూ వచ్చాను. ఇప్పుడు ఏడుస్తూ చెప్పినా, బాగా నటిస్తున్నావు, ఇంకోసారి చెయ్యి అంటోంది."

"మరి నర్సు?"

"నర్సుకి నిన్నగాక మొన్న పళ్ళొచ్చాయంటోంది. ఆఖరికి ఒక మాటంది, అదే మోసుకొచ్చాను. 'మా తమ్ముడు అబద్ధమాడడు. ఆడేవాడైతే ఆనాడు నాకేం తెలియదు, అంతా దొరే చేశాడని చిప్ప తాగి ఊళ్ళోనే ఉండేవాడు. ఈ బెరడులో చక్కెర ఉందో లేదో వాణ్ణి చూడమను. ఉందన్నాడా, కుండ ఒంపేసి ఆసుపత్రికొస్తాను. లేదన్నాడా, నా కాలు నా ఇష్టం. ముక్కలుగా మట్టిలోకి పోను.' ఇదీ మాట."

చక్కెర లేనంత మాత్రాన అది మందు అయిపోదనీ, కుళ్ళిన వేలికి ఏ కషాయమూ ప్రాణం పోయదనీ ఎమోసికి తెలుసు. ఆ సంగతి అక్క ఎదుట కూర్చుని చెప్పే హక్కు అతనికి లేదు. అక్క అడిగింది ఒక్కటే ప్రశ్న. దాని జవాబు కూడా అతనికి ఇంచుమించు తెలుసు. ఆ బెరడులో చక్కెర చేదు పదార్థానికి గొలుసుగా అంటుకుని ఉంటుంది. ఆమ్లంలో మరిగిస్తే తప్ప ఊడి రాదు. నీళ్ళలో కాచిన కషాయంలో విడి చక్కెర ఉండదు.

"ఉందని చెప్పెయ్యి బావా" అన్నాడు వైసాకే గొంతు తగ్గించి. "ఎవడొచ్చి చూశాడు?"

"బెరడు తీసుకురా."

"అది కాదు..."

"తీసుకురమ్మన్నాను కదా."

ఉందన్న ఒక్క మాటతో అక్క బతుకుతుంది. ఆ మాట ఎమోసి నోట రాలేదు. ఊరు అతన్ని చంపింది తను ఇవ్వని మాట కోసం. మళ్ళీ ఆ నోటితోనే అబద్ధం చెప్పమంటే పెదవి కదలలేదు. పేదవాడి నిజాయితీ ఎవడికీ అక్కరకు రాదు, వాడి మెడకి ఉరితాడుగా మాత్రం గట్టిగానే ఉంటుంది.

బెరడు అరటాకులో చుట్టుకుని వచ్చింది. వైసాకే రెండు చేతులా అందిస్తూ, "మీ అక్క తన చేత్తో సిద్ధం చేసి పంపింది" అన్నాడు. పొయ్యి మీద ఆరబెట్టిన పొగ వాసన. ముక్కల పైన సన్నగా ఒక మెరుపు. జిగురేమో అనుకున్నాడు ఎమోసి. అక్క చేతి పొగ వాసన చూసి ఎన్నాళ్ళయిందో. ఆ వాసన దగ్గరే అతని బుద్ధి ఆగిపోయింది, మెరుపుదాకా పోలేదు.

అక్క కాచుకున్నట్టే నీళ్ళలో కాచాడు. వడగట్టాడు, మళ్ళీ సన్నని జల్లెడలోంచి దింపి మిషనుకి ఎక్కించాడు. తెరమీద గీత పాకడం మొదలుపెట్టింది. బల్లపరుపుగా పోతోంది. ఎమోసి చర్చిలో కూడా అంత గట్టిగా ఎప్పుడూ ప్రార్థించలేదు. దేవుడా, లేదని నాకు తెలుసు, అయినా ఉండనియ్యి అని అడిగాడు.

గీత లేచింది.

గ్లూకోజు రావలసిన చోట కొండ లేచింది. చిన్నది కాదు. దిగుతూ దిగుతూనే పక్కన ఇంకోటి, ఫ్రక్టోజు, ఇంచుమించు అదే ఎత్తున. ఎమోసి నోరు తెరుచుకుని చూశాడు. అబద్ధమాడక్కర్లేదు. నిజమే తన పక్షాన వచ్చి నిలబడింది. చిప్ప తప్పిన నాటి నుంచీ ఒక్క మంచి కూడా తన ఇంటి దారి పట్టలేదు, ఇప్పుడు జంటగా రెండు కొండలు వచ్చాయి. కుర్చీ వెనక్కి పడేలా లేచి ఫోను దగ్గరికి పరుగెత్తాడు. ఊరి నర్సుకి ఫోన్ చేసి, "ఉందమ్మా! చక్కెర ఉంది, బోలెడు ఉంది! ఇప్పుడే పోయి చెప్పండి, ఎమోసి చెప్పాడని చెప్పండి" అని అరిచాడు. మాట పూర్తికాకముందే ఏడుపొచ్చింది.

వెనక ఖాళీ గదిలో గీత చాలాసేపు చదునుగా పోయి, చూసేవాళ్ళు లేకుండా మూడోసారి లేచి దిగింది.

సెరేయాన మాట తప్పే మనిషి కాదు. కుండ తీసుకెళ్ళి వాకిట్లో ఒంపింది. చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని లారీ ఎక్కింది. ఆమె ఒంపింది చూసి ఇరుగమ్మ ఒంపింది, పొరుగమ్మ ఒంపింది. సాయంత్రానికి ఊళ్ళో షుగరున్న ఆడవాళ్ళంతా తమ కుండలు పట్టుకెళ్ళి తైమా అవ్వ గడపలోనే ఒంపి వచ్చారు. ఆ ముసలమ్మ అరుగు మీద కూర్చుని, తన చేదు తన గడపలోంచి మడుగులై పారుతుంటే చూస్తూ ఉండిపోయిందట.

సూవా పెద్దాసుపత్రిలో మంచానికి తెర కట్టి ఉంది. తెరకి అటు అక్క, ఇటు తమ్ముడు. నడుమ స్టూలు మీద పోస్టాఫీసు.

"మీ బావమరిదిని చిక్కిపోవద్దని చెప్పు" అంది సెరేయాన మొగుడితో, తెర అవతలికి వినబడేంత గట్టిగా.

"ఎక్కడ చిక్కాడే, పొట్ట నాకన్నా ముందు గదిలోకొచ్చింది."

"వండిపెట్టే దిక్కు లేక గాలి పట్టి ఉంటుంది. మీ చెల్లెల్ని చేసుకోమంటే చేసుకోకపోయె."

"మా చెల్లెలు అదృష్టవంతురాలు, తప్పించుకుంది."

తెర ఇవతల ఎమోసికి చాలా కాలం తర్వాత నవ్వొచ్చింది. అంతలో సెరేయాన గొంతు మారింది. "ఆ ముసలిది ఇన్నాళ్ళూ మందని చెప్పి చక్కెర తాగించింది నాకు. మా తమ్ముడు లేకపోతే తాగుతూనే చచ్చేదాన్ని."

తైమా అవ్వ ఎమోసికి కూడా చిన్నప్పుడు జ్వరమొస్తే ఆకులు నూరి పోసిన మనిషి. అయినా మిషను చెప్పింది కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. సోమవారం వేళ్ళు తీస్తామన్నారు డాక్టర్లు.

ఆదివారం చర్చి అయ్యాక అతను ప్రయోగశాలకి వెళ్ళాడు. అక్కడి పనులు చూసే రోష్ని అనే అమ్మాయి, సెలవురోజైనా వచ్చి కూర్చుని ఉంది. వయసులో చిన్నదే, పెద్ద చదువులు చదివి అతనికి పైఅధికారిగా వచ్చింది.

"ఎమోసన్నా, మిషను వదిలేసి వెళ్ళిపోయారేంటి? నీళ్ళన్నీ కారిపోయాయి. కొబ్బరినీళ్ళవాళ్ళు మళ్ళీ వచ్చారా?"

"కొబ్బరినీళ్ళేంటమ్మా?"

"మీరు నడిపిందే. తెరమీద అలాగే ఉంది చూడండి."

"అది కొబ్బరినీళ్ళు కాదు, బెరడు. మా ఊరి చేదు తీగ."

"నన్నాట పట్టించకండన్నా. పోయినేడాది మీరే కదా బొండాల కంపెనీ కోసం వరసపెట్టి నడిపింది. గ్లూకోజు, ఫ్రక్టోజు, ఇంత తేడాతో. ఆఖర్న తీరుబడిగా సార్బిటాల్ అనే మూడో చక్కెర. ఇది లేత బొండాం కాకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఎమోసి తెర దగ్గరికి వెళ్ళి చూశాడు. మూడో కొండ. అందరూ వెళ్ళిపోయాక తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా, దూరంగా, ఒంటరిగా.

ఎమోసి మిగిలిన బెరడు ముక్కలు తీసి, పైపొర గీకేశాడు. మంచినీళ్ళలో కడిగాడు. మళ్ళీ కాచి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. గీత ఎండాకాలపు ఏరులా చదునుగా పోయింది. గ్లూకోజు చోటు దాటింది, ఫ్రక్టోజు చోటు దాటింది, ఆఖరిది రావలసిన చోటూ దాటింది. ఎక్కడా లేవలేదు. రోష్ని ఏదో అడుగుతూనే ఉంది. అతనికి వినబడలేదు.

ఆసుపత్రి వరండాలో వైసాకే బెంచీ మీద కూర్చుని ఉడికిన కర్రపెండలం తింటున్నాడు.

"బావా, ఆ బెరడుని కొబ్బరినీళ్ళతో కడిగారా?" అని అడిగాడు ఎమోసి వస్తూనే.

"కడక్కుండా ఎట్లా పంపుతాం?" వైసాకే వింతగా చూశాడు. "చిప్ప దాటిన మనిషికి ఇంటి ఆడది ఏది పంపినా లేత బొండాం నీళ్ళతో కడిగి పంపాలి కదా. నీకు తెలీదూ? నీకెట్లా తెలుస్తుందిలే, మన తరంలో చిప్ప దాటినవాడివి నువ్వొక్కడివే. నీకంతకుముందు పంపినవన్నీ నేను సంతలో కొన్నవే, ఇంటివి కావు. ఇది ఒక్కటే తన చేత్తో పంపింది. కాలు నేల మీద ఆనడంలేదు మనిషికి. నేను కడుగుతానే అంటే తిట్టింది. ఒంటికాలి మీద గుంజ పట్టుకుని నిలబడి, నాచేత బొండాలు కొట్టించి, ఒక్కో ముక్కా అందులో ముంచి తీసింది. 'ఊరు వాడి నోట పోసిన చేదు పోవాలి' అంది."

"తను తాగేదో?"

"అది ఉత్తదే. ఇంట్లో తాగేదాన్ని ఎవరు కడుగుతారు?"

ఎమోసి చెప్పాడు. బెరడులో చక్కెర లేదనీ, తెరమీద లేచింది బొండాం నీళ్ళదనీ విని వైసాకే నములుతున్నది ఆపేశాడు. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి, బావమరిది చొక్కా గుండెల దగ్గర పట్టుకున్నాడు.

"నోరు మూసుకో బావా. రేపటిదాకా మూసుకో."

"తైమా అవ్వ..."

"ముసలిదాని పేరు తర్వాత కడగొచ్చు. మీ అక్క రక్తంలోకి ఆ కుళ్ళెక్కితే ఏ నీళ్ళతో కడుగుతావు? నువ్వు ఇప్పుడు చెప్పావంటే, అది ఒంటికాలితో బస్సెక్కి పోతుంది. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

వైసాకే మొహంలో ఎక్కడా వేళాకోళం లేదు. ఎమోసి ఆ మొహాన్ని అట్లా చూడటం అదే మొదలు.

ఎమోసి అక్క మంచం తెర దగ్గరికి వెళ్ళాడు. చెప్పాలని వెళ్ళాడో, చెప్పకూడదని వెళ్ళాడో అతనికే తెలియదు. అడుగుల చప్పుడు పోల్చుకుంది కాబోలు, లోపల్నుంచి సెరేయాన ఎవరితోనో అన్నట్టు అంది: "వచ్చాడా? కూర్చోమనండి. వాడి మాట మీద వచ్చాను, నాకేం భయంలేదు."

తెర పక్కకి లాగి, అక్క కాళ్ళ మీద పడి, తోబుట్టువుల కట్టుబాటుని ముక్కలుచేసి నిజం చెప్పేయాలనిపించింది. అక్క మొహం చూడకూడదన్న ఆచారం ఆనాడు అతనికి మంచి చాటయింది. ఆ చాటున నిలబడి ఒక్క ముక్క కూడా పలకకుండా వెళ్ళిపోయాడు.

సోమవారం వేళ్ళు తీశారు. కుళ్ళు అప్పటికే పైకి పాకింది. పాదం తీశారు, తర్వాత మోకాలి కిందికి తీశారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే అన్నారు. వానలు మొదలైన వారంలో సెరేయాన పోయింది. తను భయపడ్డట్టే ముక్కలుగా మట్టిలోకి పోయింది. చివరిదాకా తైమా అవ్వని తిట్టింది, తమ్ముణ్ణి దీవించింది.

ఎమోసి శవంతో పాటు ఊరికి వెళ్ళాడు. చాపలు పరిచారు, పోయినవాళ్ళకి మర్యాదగా తిమింగలం పన్ను ఇచ్చారు, పాడారు, పూడ్చారు. సాయంత్రం సభాశాలలో ఊరి పెద్ద తరఫున మాట్లాడే ముసలాయన లేచి, ఎమోసి మిషను ఊరి కళ్ళు తెరిపించిందనీ, ఎన్నాళ్ళ నుంచో జరుగుతున్న మోసాన్ని పట్టుకుందనీ, పోయిన గౌరవం తిరిగి ఇంటికొచ్చిందనీ అన్నాడు. కొత్తగా మొదలైన చుట్టులో చిప్ప మొదట ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆ వెంటనే ఎమోసి దగ్గరికి వచ్చింది.

అతను అందుకున్నాడు. తాగకుండా చుట్టూ చూశాడు. గుమ్మం దగ్గర తైమా అవ్వ కొడుకు కూర్చుని ఉన్నాడు. అంతకుముందు తిరిగిన చుట్టులో ఆ మనిషి చాచిన చేతుల ముందునుంచి చిప్ప పక్కకి వెళ్ళిపోవటం ఎమోసి చూశాడు. ఆ చేతులు కాసేపు అట్లాగే ఉండిపోవటమూ చూశాడు.

"ఆ బెరడులో చక్కెర లేదు" అన్నాడు ఎమోసి.

అతను మొత్తం చెప్పాడు. బొండాం నీళ్ళూ, మూడో కొండా, తెర పక్కన తను మూసుకున్న నోరూ అన్నీ చెప్పాడు.

"దుఃఖంలో ఉన్నాడు" అన్నాడు ముసలాయన మెల్లగా.

"ఓ పూట ఉందనీ ఓ పూట లేదనీ చెప్పే మిషనేం మిషను?" అన్నాడు ఇంకొకడు.

"మిషను సరిగానే చెప్పింది. నేనే ఆఖరిది వచ్చేదాకా కూర్చోలేదు."

"అంటే ఏమంటావు? సెరేయాన ఊరికే వెళ్ళి, ఊరికే కాలు పోగొట్టుకుని, ఊరికే పరాయి మంచం మీద చచ్చిందనా? ఈ మాట దాని మొగుడి ముందే అంటావా?" అన్నాడు ఆ మనిషే.

వైసాకే తల దించుకుని చాప పోగులు పీకుతున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు సభలో ఎవరికీ అక్కర్లేదు. బెరడులో చక్కెర ఉంటే ఆ చావుకి ఒక అర్థముంది, తిట్టుకోవడానికి ఒక ముసలమ్మ ఉంది. లేకపోతే ఏముంది?

"తాగు ఎమోసీ. వెనక ఇంకా జనం ఉన్నారు" అన్నాడు ముసలాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ఎమోసి లేవకుండా మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి, చిప్పని తైమా అవ్వ కొడుకు ముందు పెట్టాడు. అతను దాన్ని ముట్టుకోలేదు. "మా అమ్మ పేరు నీ నోట్లోంచే పోయింది. నీ చేతి నీళ్ళు నాకొద్దు" అని లేచి వానలోకి వెళ్ళిపోయాడు. చిప్ప చాప మీద ఉండిపోయింది. కొంతసేపటికి ఎవరో దాన్ని తీసి మళ్ళీ గిన్నెలో ముంచారు. మాటలు చేమదుంపల మీదికి మళ్ళాయి.

తైమా అవ్వ ఆ ఏడే పోయింది. మిగిలిన తీగలు ఎక్కడున్నాయో ఎవరికీ చెప్పకుండానే పోయింది. ఎమోసి ప్రయోగశాలలోనే ఉన్నాడు గానీ మిషను గదిలోకి వెళ్ళడం మానేశాడు. గాజు సీసాలు కడుగుతానని అడిగి మరీ కింది పనికి దిగాడు. రోష్ని ఎంత చెప్పినా వినలేదు.

వైసాకే అతన్ని ఆఖరిసారి చూసింది నౌసోరి సంతలో. కర్రపెండలం కుప్పల పక్కన ఎవరో లేత బొండాలు పోసి అమ్ముతున్నారు. వైసాకే ఒకటి కొట్టించి బావమరిది చేతిలో పెట్టాడు. ఎమోసి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, నోటి దగ్గరికి తీసుకుపోలేదు. చాలా చిక్కిపోయాడు. ఇప్పుడు పొట్ట మీద వేళాకోళమాడటానికి పొట్టే లేదు.

"పోస్టాఫీసు మూసేశాం బావా" అన్నాడు వైసాకే, ఏదో ఒకటి అనాలి కదా అని. "ఉత్తరాలు రాసే మనిషి లేదు."

ఎమోసి బొండాంలోకి చూస్తున్నాడు. బస్సు హారను కొట్టింది. బొండాంని ఒక్క చుక్క ఒలక్కుండా వైసాకే చేతికి తిరిగిచ్చి అన్నాడు:

"ఆ బెరడులో చక్కెర లేదు బావా. మిషనుకి దొరికిందంతా మా అక్క చేతిది."